సేవకు మతము కలదా?



మన సభవారి ఉగాది సంచికకు వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడెల్ల నేను పండుగలనుగూర్చియో, మాతృభాషనుగూర్చియో వ్రాయుచు వచ్చితిని. దేవాలయపు తరగతులలో, శనివారపు మధ్యాహ్నములందు, చాపమీద కూర్చుండి అక్షరములు దిద్ది తెలుగు నేర్చినవాడను. నా వ్రాతలో దోషములున్నచో పండితులు మన్నింపవలెను. ఈ యేటి విషయమును మాత్రము మన సభకు చెందిన ఒక వృద్ధులు నాకు ఇచ్చిరి. పురటాసి శనివారపు పూజ ముగిసి అందరమును దేవాలయపు వసారాలో ప్రసాదము తీసికొనుచుండగా వారు నన్ను పిలిచి, "మాస్టారూ, మీరు క్రైస్తవుల శిబిరములో పనిచేసి వచ్చితిరట. నిజమేనా?" అని అడిగిరి. నిజమే అంటిని. "మన పిల్లలు ఒక్కొక్కరే అటు పోవుచుండగా, మీవంటివారే వెళ్లి వారికి మోతపని చేయవచ్చునా?" అనిరి.

ఆనాడు నేను సమాధానము చెప్పలేదు. వారు కోపముతో అడుగలేదు, బాధతో అడిగిరి. అట్టి ప్రశ్నకు ప్రసాదపు ఆకు చేతబట్టుకొని రెండు మాటలలో బదులు చెప్పుట మర్యాద కాదు. ఈ వ్యాసమే నా సమాధానము.

మొదట నేనెట్లు వెళ్లితినో చెప్పవలెను. అందులో నా తప్పు ఒకటి కలదు. దానిని దాచి ధర్మమునుగూర్చి వ్రాయుట తగదు.

నా పినతండ్రిగారి కుమార్తెకు ఒక కుమారుడు. వానికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ అను అవస్థ కలదు. కాళ్లుచేతులు స్వాధీనములో ఉండవు, మాట రాదు, మ్రింగుట కష్టము. బుద్ధికి మాత్రము ఏ కొరతయు లేదు. 2012లో, వానికి ఎనిమిదవ యేట, మా చెల్లెలు వానిని చక్రాల కుర్చీలో శ్రీరామనవమికి దేవాలయమునకు తీసికొని వచ్చినది. మెట్లు ఏడు. ఆమెయు, ఆమె భర్తయు చెరియొక ప్రక్క పట్టుకొని కుర్చీని పైకి చేర్చిరి. హారతి సమయమున మృదంగము మ్రోగగానే బాలుడు పెద్దగా అరచినాడు. అది వాని సంతోషపు కేక అని తల్లికి తెలియును, ఇతరులకు తెలియదు. ముందు వరుసలోని ఒక స్త్రీ వెనుకకు తిరిగి, వానిని బయటకు తీసికొనిపొమ్మని చేతితో సైగ చేసినది. మరియొకరు, "ఏ జన్మలో చేసిన పాపమో, పాపము!" అనిరి. ఆ రెండవ 'పాపము'లో జాలియే ఉండెను. మొదటి 'పాపము' మాత్రము తల్లి చెవిలో నిలిచిపోయినది.

ఆ సమయమున నేను దీపస్తంభమునకు ప్రక్కనే నిలిచియుంటిని. ఆ మాట వింటిని. నేనేమియు అనలేదు. వారిద్దరును కుర్చీని ఏడు మెట్లును దింపుచుండగా చేయి వేయుటకును పోలేదు. హారతి మధ్యలో కదలరాదని నాకు నేనే చెప్పుకొంటిని.

మరుసటి యేడు మా చెల్లెలు బాప్తిస్మము తీసికొనినదని విన్నాము. పినతల్లి ఏడ్చినది. బంధువులు కోపించిరి. నేనును కోపించి ఆరేండ్లు ఆమె గడప త్రొక్కలేదు. తరువాత మా పినతండ్రిగారి అంత్యక్రియలలో కలిసికొంటిమి. మాటలు మరల మొదలైనవి. 2023లో ఒకనాటి రాత్రి ఆమె టెలిఫోనులో, "అన్నా, జులై సెలవులలో మా చర్చివారు వైకల్యముగల బిడ్డలున్న కుటుంబములకు నాలుగు దినముల శిబిరము పెట్టుచున్నారు. సహాయమునకు వచ్చువారిలో ఆడవారే ఎక్కువ. మా పిల్లలు పెద్దవారైరి, ఎత్తగలిగిన మగవారు కావలెను" అన్నది. మా సంభాషణ అంతయు ఆంగ్లములోనే జరుగును. 'అన్నా' అను పిలుపొక్కటే తెలుగు. ఆ పిలుపునకు కాదనలేకపోయితిని.

పెద్దలు 'అటు పోవుట' అని పలుకుదురుగదా. ఆ 'అటు' అనునది మనము తలచునంత దూరము కాదు. మన పూర్వులు ఒప్పంద కూలీలుగా ఈ నేటాలునకు వచ్చుట 1860లో ఆరంభమైనది. మద్రాసు నుండి వచ్చిన ట్రూరో అను ఓడ ఆ యేడు నవంబరు 16వ తేదీన డర్బను రేవునకు చేరినది. 1911లో ఆ పద్ధతి నిలిచిపోవు లోపల 1,52,184 మంది వచ్చిరి. విశాఖపట్టణము మొదలైన తెలుగు సీమలనుండి వచ్చినవారిలో నారాయణుని కొలుచువారును, గ్రామదేవతలను కొలుచువారును ఉండిరి. క్రీస్తును కొలుచువారును ఉండిరి. 1903లో నెల్లూరు సీమ నుండి తెలుగు బాప్టిస్టులు తమ ఖర్చుతో జాన్ రంగయ్య అను బోధకుని ఇచ్చటికి పంపిరి. స్టాంజరు సమీపమున హ్యూలెట్ దొర యొక్క కియర్స్నీ తేయాకు తోటలలో పనిచేయు తెలుగు కూలీలమధ్య ఆయన తెలుగులోనే ప్రార్థనలు జరిపెను. అప్పటికి మన ఆంధ్ర మహాసభ పుట్టలేదు. అది 1931లో స్థాపితమైనది. ఒకే తోటలో, ఒకే వరుస ఇండ్లలో, ఒకే గంటకు మేల్కొని పనికి పోయినవారే ఈ ఇరుపక్షములవారును. కావున మా చెల్లెలు పరాయి దేశమునకు పోలేదు, ప్రక్క ఇంటికి పోయినది. అయినను ఆమె ఇంట దీపము వెలుగుట లేదు. ఆమె తల్లికి ఆ దుఃఖము నేటికిని తీరలేదు. ఆ నష్టమును నేను తేలికగా ఎంచుట లేదు.

ఇక శిబిరమునుగూర్చి. ఇట్టి శిబిరములు లోకమున పలుచోట్ల కలవు. అమెరికాలో జానీ ఎరిక్సన్ అను యువతి 1967లో, తన పదునేడవ యేట, నీటిలోనికి దుమికి మెడ ఎముక విరిగి, భుజములకు క్రిందిభాగమెల్ల చచ్చుబడినదాయెను. ఆమె 1979లో స్థాపించిన సంస్థ కుటుంబ శిబిరములకు ప్రసిద్ధి పొందినది. మా శిబిరము చిన్నది. సముద్రతీరమున, చెరకు తోటల ప్రక్కన, పాత విడుదులు కొన్ని, ఒక భోజనశాల. పద్ధతి సులభము. ప్రతి కుటుంబమునకును ఒక సహాయకుడు. వైకల్యముగల వ్యక్తికి కావలసిన పనులన్నిటిని ఆ నాలుగు దినములును అతడే చూచుకొనును. తలిదండ్రులకు విశ్రాంతి. అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు వేరుగా ఆటపాటలు, ఏలయనగా అట్టి ఇండ్లలో ఆరోగ్యముగా ఉన్న బిడ్డకు సైతము ఎవరి ధ్యాసయు మిగులదు.

నాకు అప్పగింపబడినవాడు నా మేనల్లుడే. అప్పటికి వానికి పందొమ్మిదేండ్లు. మొదటి ఉదయముననే నేనొక తప్పు చేసితిని. "వీడు టీ త్రాగునా?" అని తల్లిని అడిగితిని. ఆమె నవ్వి, "అన్నా, వానినే అడుగుము" అన్నది. వాని కుర్చీకి ఆంగ్లాక్షరములు వ్రాసిన పలక ఒకటి కట్టబడియుండును. ఔనన్నచో కన్నులు పైకెత్తును. కాదన్నచో మూసికొనును. మాట చెప్పవలెనన్నచో మనము అక్షరముల మీదుగా వ్రేలు నడుపవలెను. కావలసినచోట వాడు కన్నులెత్తును. నాలుగక్షరముల మాటకు రెండు నిమిషములు పట్టును. ముప్పది యేండ్లు తరగతి గదిలో నిలిచి, బాలురు నోరు తెరవకముందే వారి వాక్యములను పూర్తిచేసిన నాకు అది గొప్ప శిక్ష. మూడవ అక్షరమునకే నేను మాట ఊహించి చెప్పుచుంటిని, వాడు కన్నులు మూసికొనుచుండెను. రెండవ దినము సాయంకాలమునకుగాని మౌనముగా వేచియుండుట నాకు అలవడలేదు.

పనులు సామాన్యమైనవే. ఇద్దరము కలిసి ఎత్తి స్నానపు కుర్చీలో కూర్చుండబెట్టుట, మెత్తగా చిక్కగా చేసిన ఆహారమును చెంచాతో పెట్టి ప్రతి ముద్దయు దిగువరకు చూచుట, బట్టలు మార్చుట, ఒకే ప్రక్కన ఎక్కువసేపు పడుకొన్నచో చర్మము పుండగును గనుక రాత్రి కొన్ని గంటలకొకసారి ప్రక్కకు తిప్పుట. మొదటి రాత్రి ఆ తిప్పు పని నాది. మా చెల్లెలు సాయంకాలము ఏడు గంటలకు నిద్రించి మరునాడు తొమ్మిది గంటలకు లేచినది. లేచి, భయపడి, పాదరక్షలైనను లేకుండ పరుగెత్తి వచ్చినది. కుమారుడు అల్పాహారము తినుచున్నాడు. ఆమె గడపలోనే కూర్చుండిపోయి, "పందొమ్మిదేండ్లలో మొదటి రాత్రి" అన్నది. ఆ పందొమ్మిదేండ్లును నేను అరగంట ప్రయాణపు దూరములోనే ఉంటిని.

ఇప్పుడు పెద్దల ప్రశ్నకు వచ్చెదను. అన్యమతస్థుల ప్రార్థనల నీడలో సేవచేయుట స్వధర్మమునకు ద్రోహమా?

ఈ ప్రశ్న మన నేటాలులో క్రొత్తది కాదు. 1893లో ఈ దేశమునకు వచ్చిన గాంధీగారిని క్రైస్తవ మిత్రులు వెల్లింగ్టనులో జరిగిన తమ ప్రార్థనా సమావేశమునకు తీసికొనిపోయిరి. ఆయన వెళ్లెను, వారి భక్తిని మెచ్చుకొనెను, తన మతము మార్చుకొనుటకు మాత్రము కారణమేదియు కనబడలేదని తన ఆత్మకథలో వ్రాసెను. తరువాత డర్బనులో, సెయింట్ ఎయిడన్ క్రైస్తవ మిషనుకు పెద్దయైన డాక్టరు బూత్ గారి ధర్మవైద్యశాలలో ప్రతి ఉదయము కొంత సమయము పనిచేసెను. రోగుల బాధలను తెలిసికొని వైద్యునకు చెప్పుట, మందులు కలిపి ఇచ్చుట ఆయన పని. ఆ వైద్యశాలకు ధనమిచ్చినవారు పార్శీ రుస్తుంజీగారు. రోగులలో అధికులు తమిళ, తెలుగు, ఉత్తరహిందూ కూలీలు. క్రైస్తవుని ఆసుపత్రి, పార్శీవాని ధనము, హిందువు యొక్క చేతులు, మన తాతముత్తాతల పుండ్లు! ఆ పుండ్లకు కట్టు కట్టువాని మతమేదని మనవారు అడిగియుండరు.

నేను చేసినదియు చెప్పవలెను. వారి ప్రార్థనలందు మర్యాదగా కూర్చుంటిని. రొట్టెయు ద్రాక్షరసమును పంచునప్పుడు తీసికొనలేదు. నన్నెవరును బలవంతపెట్టలేదు. ఉదయము స్నానముచేసి విడిది వెనుక తూర్పుముఖముగా నిలిచి నా ధ్యానము నేను చేసికొంటిని. ఒక వృద్ధ బోధకుడు చూచి, తలవంచి, దారి మార్చుకొని పోయెను.

అయితే అంతయు నాకు సమ్మతమని చెప్పను. మూడవ రాత్రి ఒక యువబోధకుడు నా మేనల్లుని తలపై చేయివేసి, వీడు లేచి నడచునట్లు చేయుమని దేవుని చాలసేపు వేడెను. అందరును కన్నులు మూసికొనిరి. మా వాడు మాత్రము కన్నులు తెరచి పలకవైపు చూచుచుండెను. నేను వ్రేలు నడిపితిని. 'ఆకలి' అను అర్థముగల ఆంగ్లపదము వచ్చినది. నిజమే, భోజనమునకు నలువది నిమిషములు ఆలస్యమైనది. నేను బోధకునితో మెల్లగా ఆ మాట చెప్పితిని. అతడు సిగ్గుపడి నవ్వి, ప్రార్థన ముగించి, తానే పళ్లెము తెచ్చెను. నడక కావలెనని వాడెప్పుడు కోరెను? ఎవరును అడుగలేదు. మన దేవాలయములో ఒకరు వాని గతజన్మను ఊహించిరి, అచ్చట ఒకరు వాని స్వస్థతను ఊహించిరి. ఈ రాత్రి వాని కేమి కావలెనో తెలియుటకు రెండు నిమిషములు వేచియుండవలెను. ఈ విషయమున రెండు మతములవారమును ఒకే తప్పు చేసితిమి.

రెండవ ప్రశ్న దీనికంటె కఠినమైనది. మతములో చేర్చుకొనవలెనను ఆశతో చేయు సేవ సేవయగునా?

భగవద్గీత పదునేడవ అధ్యాయమున దానము మూడు విధములని చెప్పబడినది. తిరిగి ఏమియు ఆశింపక, ఇయ్యదగినదని ఇచ్చునది సాత్త్వికము. ప్రతిఫలము కోరి ఇచ్చునది రాజసము. అవమానించుచు, అపాత్రమున ఇచ్చునది తామసము. ఒక కుటుంబమునకు విశ్రాంతినిచ్చి, బదులుగా వారి ఆత్మను కోరినచో అది రాజసమే. దీనిని నేను శిబిరపు పెద్దనే సూటిగా అడిగితిని. "హిందువులుగానే ఉండిపోవు కుటుంబమును మరుసటి యేడు పిలుతురా?" అంటిని. ఆయన వాదింపక పేర్ల పట్టిక చూపెను. మూడు హిందూ కుటుంబములు, ఒక ముస్లిము కుటుంబము. ఆ ముస్లిము కుటుంబము వచ్చుట అది మూడవసారి. "వారు క్రీస్తును తెలిసికొనవలెనని నాకు కోరిక లేదని చెప్పినచో అబద్ధమగును. కాని ఆ కోరికను వారి పడకకు వెలగా పెట్టను" అనెను. ఆ మాట నాకు నచ్చినది. అందరును ఆయనవలె ఉందురని చెప్పజాలను. కష్టములో ఉన్నవారి తలుపు తట్టి, మీ దేవతలవలననే మీ కీ కష్టమని భయపెట్టినవారు మన పేటలలో ఉన్నారు. అది సేవ కాదు.

కాని గీతలోని ఆ కొలతను మనమీదకును త్రిప్పవలెను. మా వృద్ధులు నాతో తరువాత, "మనమును అట్టి శిబిరము పెట్టవలెను మాస్టారూ, లేకున్న అందరును అటే పోదురు" అనిరి. శిబిరము పెట్టవలెననుట ఉత్తమమైన మాట. కారణము మాత్రము సరికాదు. మందను పెంచుకొనుటకు చేయు సేవ రాజసమైనచో, మంద తరుగకుండుటకు చేయు సేవయు రాజసమే. అందులో ఆ బిడ్డ ఎచ్చట ఉన్నాడు? రెండు లెక్కలలోను వాడొక అంకెగానే ఉన్నాడు.

నా మాట యేమి? నేను పాతతప్పును కడిగికొనవలెనను కోరికతో వెళ్లితిని. అదియు ప్రతిఫలమే. అట్లయిన శుద్ధమైన మనస్సు కలుగువరకు ఎవరును సేవకు పూనుకొనరాదా? అట్లు కాదని నాకు తోచుచున్నది. బట్టలు తడిసినవాడు మన చిత్తశుద్ధికై వేచియుండలేడు. చేయి వేయవలెను. చేయుచుండగానే ఉద్దేశము కొంత కొంత శుద్ధమగును. మూడవ దినమున నేను నా తప్పును మరచి, ముద్ద దిగినదా లేదా అని మాత్రమే చూచుచుంటిని. ఆ గంటలలో నేను చేసినదే సేవ. మిగిలినది నా సొంత లెక్క.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. సేవచేయువాడు పవిత్రుడేయని తలచుట ప్రమాదము. ఫ్రాన్సులో 1964లో, బుద్ధిమాంద్యముగల వారితో కలిసి జీవించు లార్ష్ గృహములను స్థాపించిన జాన్ వానియేగారిని లోకము మహాత్మునిగా ఎంచినది. ఆయన 2019లో మరణించెను. ఆయన తనను ఆశ్రయించిన స్త్రీలను లైంగికముగా దుర్వినియోగము చేసెనని 2020లో ఆ సంస్థవారి విచారణలోనే తేలినది. ఆ గృహములలోని ప్రేమ అబద్ధము కాకపోవచ్చును. అయినను పెద్దవానిని ఎవరును ప్రశ్నింపనిచోట బలహీనులకు రక్షణ లేదు. మా శిబిరములో సహాయకులందరును ముందుగా పోలీసువారి ధ్రువపత్రము తేవలెను, స్నానముచేయించునప్పుడు ఇద్దరుండవలెను అను నియమములు కలవు. మొదట నాకు అవమానముగా తోచినది. ముప్పదియేండ్ల ఉపాధ్యాయుని నమ్మరా అనుకొంటిని. తరువాత ఆ నియమము నాకొరకు కాదని, మాటరాని వానికొరకని గ్రహించితిని. మన సభ ఏ సేవ ఆరంభించినను ఇది తప్పక ఉండవలెను.

ఇక మూడవ ప్రశ్న. మా చెల్లెలి చెవిలో నిలిచిపోయిన ఆ మాట. ఇది ఏ జన్మ పాపము?

విచిత్రమేమనగా, క్రైస్తవుల గ్రంథములోను ఇదే ప్రశ్న కలదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు, పాపము చేసినది వీడా, వీని తలిదండ్రులా అని యేసును అడిగిరట. ఇద్దరును కారని ఆయన బదులిచ్చెనని యోహాను సువార్తలో కలదు. ఆ కథను శిబిరములో చదువగా విని, వారి శిష్యులును మన వసారాలోనివారివంటివారే అని నేను నవ్వుకొంటిని. మా చెల్లెలు నవ్వలేదు. ఆ ఒక్క సమాధానము కొరకే తాను గడప దాటితినని తరువాత నాతో చెప్పినది.

మన గ్రంథములలో అట్టి సమాధానము లేదా? భారతము వనపర్వములో అష్టావక్రుని కథ కలదు. గర్భములో ఉండగనే తండ్రి వేదపఠనములోని దోషమును ఎత్తిచూపిన శిశువును తండ్రి కోపించి శపించెను. ఎనిమిది వంకరలతో పుట్టినవాడు ఆ బాలుడు. వాడే జనకుని సభలో వాదమున గెలిచి, నీట మునిగిన ఆ తండ్రినే తిరిగి తెచ్చెను. ఆ కథలో బిడ్డ పాపమెక్కడ? తండ్రి కోపమే కలదు. మరియు గీతలో శ్రీకృష్ణుడే కర్మ యొక్క గతి గహనమైనదని, తెలియుట కష్టమని చెప్పెను. భగవంతుడు గహనమన్నదానిని మనము హారతి పళ్లెము వచ్చులోపల తేల్చివేయుచున్నాము!

కర్మ సిద్ధాంతమును నేను విడువలేదు. అది నా పెద్దలు నాకిచ్చిన దీపము. కాని దీపము నా కాళ్లముందు దారి చూచుకొనుటకు. ఎదుటివాని ముఖముమీద వెలుగువేసి వాని నేరము వెదకుటకు కాదు. ఆనాడు దీపస్తంభము ప్రక్కన కర్మ జరుగుచునే ఉండెను. అది ఎనిమిదేండ్ల బాలునిది కాదు. వినియు మౌనముగా నిలిచిన నాది. వాని అవస్థకు కారణము వైద్యులు చెప్పుదురు. పుట్టుటకు ముందో, పుట్టునప్పుడో, పుట్టిన కొలది కాలమునకో మెదడు దెబ్బతినుటవలన, లేక సరిగా ఎదుగకపోవుటవలన సెరిబ్రల్ పాల్సీ కలుగును. తల్లి గ్రహణమున బయటకు వచ్చుటవలన కాదు.

ఇందుకు విరుద్ధమైన మాటయు ఒకటి వాడుకలో ఉన్నది. వీరు దేవుని ప్రత్యేకమైన బిడ్డలని, దివ్యాంగులని పిలుచుట. మంచి మనస్సుతోనే పిలుతురు. కాని పేరు మార్చినంతమాత్రమున మెట్లు తగ్గవు. తల్లికి రాత్రి నిద్ర రాదు. మా మేనల్లుడు దేవుడును కాడు, పాపియు కాడు. క్రికెట్టు ఆటలో తీర్పరితో తగవుపడుచు, కూరలో ఉప్పు తగ్గినచో కన్నులు మూసికొను ఒక యువకుడు.

ఈ దేశపు చట్టము మనకంటె ముందున్నది. 1996 నాటి రాజ్యాంగము వైకల్యము కారణముగా అన్యాయపు భేదము చూపుటను నిషేధించినది. వైకల్యముగలవారి హక్కులనుగూర్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఈ దేశము 2007లో ఆమోదించినది. తీవ్ర వైకల్యముగల బిడ్డను ఇంట పోషించు పేదవారికి పదునెనిమిదేండ్లవరకు ప్రభుత్వ భృతి కలదు. పదునెనిమిది నిండగనే అది నిలిచిపోవును, వైకల్య భృతికి మరల దరఖాస్తు చేయవలెను. శిబిరములో రెండు కుటుంబములకు ఈ సంగతియే తెలియదు. వారి పత్రములు నేను పూరించి ఇచ్చితిని. నాలుగు దినములలో నేను చేసిన పనులలో ఎక్కువ కాలము నిలుచునది అదియే కావచ్చును.

మనవారికి సేవ తెలియదని ఎవరును అనలేరు. డర్బనులో ఆర్యన్ బెనవలెంట్ హోమ్ 1921 నుండి దిక్కులేనివారిని ఆదరించుచున్నది. కాని మన దేవాలయములో ఆ ఏడు మెట్లు అట్లే ఉన్నవి. నేను కోరునవి చిన్నవి. అడుగు ఎత్తునకు పండ్రెండు అడుగుల పొడవుండునట్లు ఒక వాలుదారి. గర్భగుడి ఎదుట ముందువరుసలో ఒక కుర్చీకి స్థలము. నెలకొక శనివారము, తల్లి నిద్రించుటకు వీలుగా, ఇద్దరిద్దరుగా ఇంటికి పోయి కూర్చుండువారి పేర్ల పట్టిక. ఆ ఇంట దీపముండనీ, శిలువయుండనీ, అర్ధచంద్రుడుండనీ, పట్టికలో ఆ గడి ఉండరాదు.

ఒక సంగతి చెప్పి ముగించెదను. శిబిరపు కడపటి ఉదయమున నేను మేనల్లుని, ఇంటికి పోయినపిమ్మట ఎచ్చటికైన పోవలెనని కలదా అని అడిగితిని. ఆరు నిమిషములు పట్టినది. 'గుడి మృదంగము' అను అర్థము వచ్చు మాటలు పలికెను. తల్లి ముఖము వాడినది. వాడు పెద్దవాడు, వాని ఇష్టము అన్నది కొంతసేపటికి. పందొమ్మిదేండ్లలో వాని మతమేదని మేమెవరమును వానిని అడుగలేదు. నేటికిని అది మృదంగమునకు సంబంధించినదో, దేవునికి సంబంధించినదో నాకు తెలియదు. అడుగవలెను, వేచియుండవలెను.

2024 శ్రీరామనవమికి వానిని తీసికొని వచ్చితిని. మా చెల్లెలు తన మనస్సాక్షి ఒప్పక గేటు వెలుపల కారులోనే కూర్చుండెను. నేనును, నా విద్యార్థులిద్దరును కలిసి కుర్చీని ఏడు మెట్లును ఎక్కించితిమి. హారతివేళ మృదంగము మ్రోగగానే వాడు కేకవేసెను. కొందరు వెనుకకు తిరిగిరి. నేను బిగ్గరగా, "సంతోషించుచున్నాడు" అంటిని. పండ్రెండేండ్లు ఆలస్యముగా పలికిన ఒక్క మాట. అర్చకులు హారతి పళ్లెమును ముందుగా వానివద్దకే తెచ్చిరి. దింపునప్పుడు నన్ను ప్రశ్నించిన ఆ వృద్ధులే, వలదన్నను వినక, కుర్చీకి ఒక ప్రక్క చేయివేసిరి.

సర్వేశ్వరుడు మనకందరకును వేచియుండు ఓర్పును, ఎత్తుటకు బలమును ప్రసాదించుగాక.